పాసంగం

మా వీధిలో నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చిన ఏడాది అది. అంతకుముందు వరద రెండో మెట్టు దగ్గర ఆగింది. తరవాత వచ్చినది మొదటి మెట్టు కూడా సరిగ్గా తడపలేదు. కాబట్టి మా ఇంట్లో మూడో మెట్టు ఏడాది అంటే చాలు, ఇంకో గుర్తు అక్కర్లేదు. మా ఆవిడా మా అక్కా ఆ ఏడాది గురించి చెప్పుకున్నప్పుడల్లా వరద సంగతే చెప్పుకునేవారు. మిగతాది వదిలేసేవారు. ఆ మిగతాది నా పని. ఇన్నాళ్ళూ నేనూ వదిలేశాను.

నాది త్రాసులు బాగుచేసే వృత్తి. కింది గదిలో బల్ల, పైన రెండు గదుల్లో కాపురం. మా ఆవిడ బస్టాండులో టికెట్లు ఇచ్చేది. మా అక్క లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. బావ పోయాక మా దగ్గరికే వచ్చేసింది. మూడో తరగతి తరవాత నేను బడికి పోలేదు. మాటలు కూడా తక్కువే. "మావాడు త్రాసు ముల్లు లాంటివాడు. కదుల్తాడు గానీ పలకడు" అని అక్క అందరికీ చెప్పేది.

త్రాసు గురించి ఒక్క ముక్క చెప్పాలి. పళ్ళాల్లో ఏమీ వెయ్యకుండానే ఒక పక్కకి ఒరిగే త్రాసులు ఉంటాయి. ఆ ఒరుగుదలని పాసంగం అంటాం. కంటికి కనిపించేంత ఉంటే సరిచెయ్యడం తేలిక. కనిపించనంత చిన్నదైతే దారి ఒకటే. ఈ పళ్ళెంలో సరుకు ఆ పళ్ళెంలోకి, ఆ పళ్ళెంలో రాయి ఈ పళ్ళెంలోకి మార్చి మళ్ళీ తూచాలి. ముల్లు మళ్ళీ అక్కడే నిలిస్తే త్రాసు మంచిది. వేరేచోట నిలిచిందంటే సరుకులో తేడా లేదు, త్రాసులోనే ఉంది. మా నాన్న నాకు మొదట నేర్పిన పని ఇదే.

మాత్రల సంగతి వరదకి మూడేళ్ళ ముందే మొదలైంది. ముట్టు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఒంట్లో తగ్గిపోయే రసాన్ని మాత్రగా ఇస్తే గుండె, ఎముకలు గట్టిగా ఉంటాయా లేదా అని పరిశోధన. పెద్దాసుపత్రి వెనక రెండు గదుల ఆఫీసు పెట్టారు. మా ఇద్దరాడవాళ్ళూ చేరారు. సగం మందికి మందు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. చూడటానికి రెండూ ఒకటే. ఎవరికి ఏది వచ్చిందో పుచ్చుకునేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. "ఇదేం వైద్యమమ్మా, అందరూ కళ్ళకి గంతలు కట్టుకుని ఆడే ఆటలా ఉంది" అంది అక్క. అక్కడి నర్సు నవ్వి, "గంతలు విప్పితే ఆట పాడైపోతుందమ్మా" అంది. మేం ఆ నర్సుని లెక్కలమ్మ అనేవాళ్ళం. ఆరు నెలలకోసారి వెళ్తే, సీసాలో మిగిలిన మాత్రలు పళ్ళెంలో పోసి అయిదేసి చొప్పున జరుపుతూ లెక్కపెట్టి, మళ్ళీ అవే సీసాలు నింపి ఇచ్చేది.

రోజూ పొద్దున మాత్రలు ఇచ్చేది నేనే. రెండు సీసాలూ నా బల్ల పక్క అలమరలో ఉండేవి. కాగితాల మీద నంబర్లున్నా, మొదటిరోజే ఆకురాయితో మూతల అంచున గుర్తులు పెట్టాను. అక్క సీసాకి ఒక గాటు, మా ఆవిడ సీసాకి రెండు. ఎవరి తూకపురాళ్ళు వచ్చినా అలాగే పెడతాను. చేతి అలవాటు. వాళ్ళకి చెప్పలేదు, అడగనూ లేదు.

మా ఆవిడ మారిపోయింది. అంతకుముందు రెండేళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర లేదు, కౌంటర్లో జనం మీద అరుపులు. మాత్ర మొదలుపెట్టిన నెలకి హాయిగా నిద్రపోయింది. ముఖం తేటపడింది. మెట్లెక్కుతూ కూనిరాగాలు తీసేది. అక్క మాత్రం అక్కలాగే ఉంది. కాఫీ చల్లారిందనేది, మోకాళ్ళు కదలవనేది, లోకం చెడిందనేది. దాన్నిబట్టి ఎవరిది మందు మాత్రో, ఎవరిది ఉత్తుత్తిదో నాకు తేలిపోయింది. తేలిపోయిందనుకున్నాను.

నీళ్ళు వచ్చిన పూట మా ఆవిడ బస్టాండులో ఇరుక్కుపోయింది. నేను త్రాసులు పైకి మోస్తున్నాను. నీళ్ళు మొదటి మెట్టు దాటాయి.

"ఒరే! ఇనుము తరవాత మోద్దువు గాని, ముందు మా మాత్రలు!" అని అక్క అరిచి, రెండు సీసాలూ పెద్ద ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని మెట్లెక్కింది. నాలుగో మెట్టు మీద కాలు జారింది. మనిషి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది గానీ, సీసాలు నీళ్ళలో పడ్డాయి. నేను మోకాలి లోతులో దిగి ఏరుకొచ్చాను. మూతలు గట్టివి, లోపలికి చుక్క పోలేదు. పైన అతికించిన కాగితాలు ఊడొచ్చాయి.

అవి ఆరాక అక్క జిగురు పెట్టి అతికించింది. "ఇది నాది, అది అమ్మాయిది. అవునా కాదా?" అంది నావైపు తిప్పి.

మూతలు చూశాను. ఒక గాటు మీద అక్క నంబరు. రెండు గాట్ల మీద మా ఆవిడ నంబరు.

"ఊఁ" అన్నాను.

వరద తీసిన వారానికి ఆఫీసులో మామూలు పరీక్షకి రమ్మన్నారు. బెంచీ మీద మా పక్కన రొట్టెల దుకాణం ఆవిడ కూర్చుంది. ఆమె కూడా ఈ పరిశోధనలోదే. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తెలిసిందా? గాజుల షాపావిడ పోయింది."

"అయ్యో! ఎప్పుడు?" అంది మా ఆవిడ.

"నీళ్ళు రాకముందే. కాల్లో నెత్తురు గడ్డకట్టి, అది ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందట. మెట్ల మీద కూలబడిపోయింది. ఈ మాత్రల వల్లేనంటున్నారు వాళ్ళింట్లో. మందు మాత్ర అయ్యుంటుంది మరి. మూడేళ్ళ నుంచీ ఎంత నిగనిగలాడేదో చూశారుగా."

"నిగనిగలాడితే పోతారా ఏమిటి? అలా అయితే నేను నూరేళ్ళు ఉంటాను" అంది అక్క.

రొట్టెలావిడ నవ్వింది. మా ఆవిడా నవ్వింది. నేను మా ఆవిడ ముఖం వైపు చూశాను. నిగనిగలాడుతోంది.

లోపల లెక్కలమ్మని అడిగాను. నేను అడగడమే ఆమెకి వింత. మాత్రలు జరిపే చెయ్యి ఆపేసింది.

"గాజుల షాపావిడది ఏ మాత్ర?"

"మాకు తెలీదు బాబాయ్ గారూ. నిజంగానే తెలీదు. పైన చూసేవాళ్ళు వేరే ఉన్నారు. తేడా వస్తే వాళ్ళే ఆపిస్తారు. మీవాళ్ళకి భయమనిపిస్తే ఇవాళే మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ మానేది వాళ్ళిష్టం, మీది కాదు."

ఇంటికొచ్చాక మా ఆవిడతో అన్నాను. "మానెయ్."

"ఏంటి మానేది?"

"మాత్ర."

"మూడ్రోజుల నుంచి నోరు విప్పలేదు. విప్పి ఇదా చెప్పేది?" తడిసిన పరుపులు ఎండలో తిప్పుతోంది. తిప్పడం ఆపి నావైపు తిరిగింది. "చూడండి. ఆ రెండేళ్ళూ నేనెలా ఉన్నానో మీరు చూశారు. ఒక మనిషికి చిల్లర విసిరికొట్టాను కౌంటర్లోంచి. ఏడ్చాను. మీకు తెలీదు అది. నన్ను మళ్ళీ ఆ కుంపట్లోకి తొయ్యకండి."

"గాజుల షాపావిడ..."

"ఆవిడ ఆవిడే, నేను నేనే. ఈ మాత్ర మానితే నేను పోకపోయినా ఒకటే."

అనడానికి నా దగ్గర మాటలు లేవు. చేతులున్నాయి.

నాలుగు రోజులు ఆలోచించాను. మా ఆవిడ మాత్రలు పారబొయ్యడానికి లేదు, లెక్క చూస్తారు. పారబోసి వేరేవి పెడదామంటే అచ్చు అలాంటివి ప్రపంచంలో ఒక్కచోటే ఉన్నాయి. రెండో సీసాలో.

ఇద్దరూ పనికి వెళ్ళిన పూట తలుపు దగ్గరికేసి, మందుల షాపువాళ్ళ చిన్న త్రాసు బల్ల మీద పెట్టాను. ఈ సీసాలోవి పది, ఆ సీసాలోవి పది తీసి చెరో పక్క వేశాను. ముల్లు నడుమ నిలిచింది. వెంట్రుకంత కూడా కదల్లేదు. చేసినవాడెవడో పనిమంతుడు అనుకున్నాను. తరవాత ఒక సీసా ఇత్తడి పళ్ళెంలోకి వంచాను. రెండో సీసాలోవి మొదటి దాన్లోకి పోశాను. పళ్ళెంలోవి రెండో దాన్లోకి పోశాను. మూతలు బిగించాను. రెండు లెక్కలూ సమానంగానే ఉన్నాయి. మొత్తం పని కాఫీ తాగినంత సేపు పట్టలేదు.

పళ్ళాలు మార్చి చూస్తున్నాను, అంతే, అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పళ్ళాలు మార్చేవాడికి ముల్లు ఎటు తిరిగినా ఒకటే. నాకు ఒకటి కాదు. మందు మాత్ర చంపుతుందని నమ్మాను. దాన్ని ఒక మనిషి దగ్గర తీసి ఇంకో మనిషి ముందు పెట్టాను. రెండో మనిషి నన్ను చంకనెత్తుకుని పెంచిన మా అక్క.

మర్నాడు పొద్దున రెండు చిన్న పళ్ళాల్లో రెండు మాత్రలు పెట్టి ఇచ్చాను. అక్క నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. "ఏంట్రా అలా చూస్తున్నావ్? మింగానా లేదా అనా? నాలుక చాపి చూపించనా?" అంది.

ఇరవై రోజులు గడిచాయి. గోడల మీద వరద గీత ఇంకా చెమ్మగానే ఉంది. ఒక పొద్దున దిగి వచ్చేసరికి అక్క అయిదో మెట్టు మీద కూర్చుని ఉంది. మెడ, నుదురు, చేతులు అన్నీ తడి. పాత కాగితంతో విసురుకుంటోంది. బయట వాన పడుతోంది, చల్లగా ఉంది.

"మళ్ళీ మొదలైందిరా" అంది.

"ఏంటి?"

"కుంపటి. మాత్రలేసుకోక ముందు ఉండేదే. మూడేళ్ళు మర్చిపోయాను దాన్ని. లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు ఆవిరి ముందు నిలబడ్డదాన్ని, నాకెవరు చెప్తారు? ఇది బయటి ఆవిరి కాదు, లోపలిది."

"మూడేళ్ళూ రాలేదా?"

"రాలేదనే చెప్తున్నా."

"చెప్పలేదేం మరి?"

"లేనిదాని గురించి ఏం చెప్తార్రా? కాలు నొప్పిగా ఉంటే చెప్తాం. నొప్పి లేకపోతే, అమ్మా నాకు ఇవాళ నొప్పి లేదు అని చాటింపు వేయిస్తామా?"

బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. చేతికి పని అందలేదు. అక్క ఊరికే సణిగే మనిషి, మా ఆవిడ ఊరికే నవ్వే మనిషి. ఏమీ వెయ్యకముందే అక్క ఒక పక్కకి ఒరిగి ఉంది, మా ఆవిడ ఇంకో పక్కకి. నేను ఆ ఒరుగుదల చూసి తూకం చెప్పాను. నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ పాసంగాలు సరిచేసినవాణ్ణి, నా ఇంట్లోది చూసుకోలేదు. మందు మాత్ర మూడేళ్ళూ అక్క సీసాలో ఉంది. ఇప్పుడు మా ఆవిడ సీసాలో ఉంది. నేనే పోశాను.

వెంటనే తిరిగి మార్చేయాల్సింది. మార్చలేదు. ముల్లు ఊగుతున్నప్పుడు తూకం చదవకూడదు, నిలవనివ్వాలి. ఇంకో నాలుగు రోజులు చూద్దాం అనుకున్నాను. అది పని నేర్పిన ఓపికో, చేసింది ఒప్పుకోలేని పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నాలుగు రోజులు పది రోజులయ్యాయి.

పదో రోజు అన్నం తింటూ మా ఆవిడ అక్కతో నవ్వుతూ అంది. "వదినా, నాకు వయసు వెనక్కి తిరుగుతున్నట్టుంది. రొమ్ములు బరువెక్కి సలుపుతున్నాయి, పద్దెనిమిదేళ్ళ పిల్లకిలాగా."

"తిరగనీ. నా వయసు కూడా పట్టుకెళ్ళి తిప్పుకురా" అంది అక్క.

మందు మా ఆవిడకి పట్టింది. పొద్దున వాళ్ళు పనికి వెళ్ళగానే మార్చేయాలి, ఇక ఆగకూడదు అనుకున్నాను.

పొద్దున వాళ్ళు ఇంకా గడప దాటలేదు, లెక్కలమ్మ తలుపు తట్టింది. భుజానికి సంచి. వెనక రిక్షాలో పెట్టె, పెట్టెలో సీసాలు.

"పరిశోధన ఆపేశారు" అంది. "ఇవాళ్టి నుంచి ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు. సీసాలు నన్నే పట్టుకురమ్మన్నారు. వచ్చే వారం ఆఫీసుకి రండి. ఎవరికి ఏది వచ్చిందో కవర్లు విప్పి చెప్తారు."

"గంతలు విప్పుతున్నారన్నమాట" అంది అక్క.

లెక్కలమ్మ ఈసారి నవ్వలేదు. నేనే అలమర తెరిచి రెండు సీసాలూ ఆమె చేతికిచ్చాను. పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పోనీలే, అయిపోయింది, ఇద్దరూ బాగానే ఉన్నారు, అనుకున్నాను. ఆ వారంలో ఒకరోజు మా ఆవిడ మెట్లు ఎక్కుతున్న చప్పుడు తేడాగా వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లిగా.

"కాలేమైంది?"

"పిక్క పట్టేసింది. రోజంతా ఆ కుర్చీలో కూర్చుంటే పట్టెయ్యదా?"

ఆఫీసులో ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. కాగితం చూడకుండా, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. ఎముకలకి మంచే జరిగింది. గుండెకి మేలు చేస్తుందనుకుంటే చెయ్యలేదు. మందు మాత్ర వేసుకున్నవాళ్ళలో, వేసుకోనివాళ్ళ కంటే కొద్దిమందికి ఎక్కువగా కాళ్ళలో నెత్తురు గడ్డకట్టింది, కొందరికి పక్షవాతం వచ్చింది, కొందరికి రొమ్ములో గడ్డలు కనిపించాయి. వెయ్యిమందిలో కొద్దిమందే. అయినా జబ్బు లేని మనుషులకి ఇచ్చే మందు కాబట్టి ఆ కొద్ది కూడా ఎక్కువే. అందుకే ఆపాం. మీరు మూడేళ్ళు ఓపిగ్గా మింగకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు, అంది. రొట్టెలావిడ కళ్ళు తుడుచుకుంది.

తరవాత ఒక్కో ఇంటివాళ్ళనీ లోపలికి పిలిచారు. గదిలో డాక్టరమ్మ, లెక్కలమ్మ, మేం ముగ్గురం. లెక్కలమ్మ మా ఆవిడ కవరు చించింది.

"మీది ఉత్తుత్తి మాత్రమ్మా."

మా ఆవిడ ముందు నమ్మలేదు. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. "మూడేళ్ళూ పిండి మింగి నిద్రపోయానా! ఏమండీ, విన్నారా? పిండి! వదినా, ఇక నుంచి చపాతీ పిండి చిన్న ముక్క మింగి పడుకుంటాను."

అక్క కవరు చించారు. మందు మాత్ర. మా ఆవిడ నవ్వు ఆగిపోయింది. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అయితే గండం నాదన్నమాట" అంది.

"భయం వద్దమ్మా. చూద్దాం" అని డాక్టరమ్మ అక్క రెండు కాళ్ళూ నొక్కి చూసింది. ఊపిరి పీల్చమంది, వదలమంది. రొమ్ము పరీక్షకి చీటీ రాసింది. బాగానే ఉన్నారంది. మా ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని లేవబోయి, కుర్చీ అంచు పట్టుకుంది. నొప్పికి పెదవి కొరికింది.

"మీ కాలేంటమ్మా?" అంది లెక్కలమ్మ.

"పిక్క పట్టేసింది. నాలుగు రోజులైంది."

డాక్టరమ్మ బల్ల మీది కాగితం వైపు ఒకసారి చూసింది. "మీరు మందు వేసుకోలేదు కాబట్టి దాని భయం లేదు. కూర్చుని చేసే ఉద్యోగం కదా. వేడినీళ్ళ కాపడం పెట్టండి. వారానికి తగ్గకపోతే మామూలు ఆసుపత్రిలో చూపించుకోండి."

"సరేనండీ" అంది మా ఆవిడ. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. లెక్కలమ్మ తలుపు తీసింది. బయట ఇంకో ఇంటివాళ్ళు లేచి నిలబడ్డారు.

నేను గడపలో నిలబడ్డాను. నేను జరిగితే వాళ్ళు బయటికి వెళ్ళిపోతారు. కాపడం పెట్టుకుంటారు. వారం చూస్తారు. గాజుల షాపావిడ ఎన్ని రోజులు చూసిందో నాకు తెలియదు.

"జరగరా" అంది అక్క.

"మారాయి" అన్నాను.

"ఏం మారాయి?" అంది డాక్టరమ్మ.

"మాత్రలు. ఆ సీసాలోవి ఈ సీసాలోకి. వరదప్పుడు... అప్పటి నుంచి. మందు మాత్ర ఈవిడ వేసుకుంది."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి తోసి వచ్చి, మా ఆవిడని కూర్చోబెట్టి, నేల మీద మోకాళ్ళూనింది. టేపు తీసి రెండు పిక్కలూ కొలిచింది. రెండోసారి కొలిచింది. ఎడమది రెండు వేళ్ళు లావుగా ఉంది. "నడవద్దు" అంది. "ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు. చక్రాల కుర్చీ!" అని లెక్కలమ్మ వైపు తిరిగి అరిచింది.

అప్పుడే అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! కాగితాలు! ఆ రోజు నీళ్ళలో పడేసింది నేనే. ఊడిపోతే అతికించింది నేనే. తారుమారు చేసేశాను. నా చేతుల్తో... అమ్మాయ్, నా చేతుల్తో నిన్ను..."

నోరు తెరిచాను. అప్పటికే కుర్చీ వచ్చింది, మా ఆవిడని ఎక్కించారు. నోరు మూసుకున్నాను. మళ్ళీ తెరిచే వీలు ఉండింది. తెరవలేదు.

కుర్చీ తలుపు దాటుతుంటే మా ఆవిడ తల తిప్పి నావైపు చూసింది. "మారాయని మీకెలా తెలుసు?" అంది. మెల్లిగానే అంది. కుర్చీ తోసుకుపోయారు.

లెక్కలమ్మ ఒక కాగితం నింపింది. జరిగింది రాసుకోవాలి, లేకపోతే మీ ఇద్దరి లెక్కా తప్పుగా ఉండిపోతుంది అంది. అక్క ఏడుస్తూ ఒక్కోటీ చెప్పింది: నీళ్ళు, మెట్లు, జిగురు. లెక్కలమ్మ రాసింది. కింద అక్క సంతకం పెట్టింది. గోడకి ఆనుకుని నిలబడి చూశాను.

సాయంత్రానికి చెప్పారు. తొడ కింద గడ్డ ఉంది, పైకి ఎక్కలేదు, నెత్తురు పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టాం, సమయానికి తెలిసింది, అన్నారు. ఇంకో వారం ఆగుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. అక్క, నేను ఇంటికి నడిచాం. దారంతా అక్క తన చేతుల వైపే చూసుకుంటూ నడిచింది.

పొద్దున నేను లేచేసరికి అక్క అయిదో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కాఫీ, మీగడ కట్టి ఉంది. చల్లారిందని అనలేదు. నేను దిగి నాలుగో మెట్టు మీద, ఆమె జారిన మెట్టు మీద, నిలబడ్డాను.

"అక్కా. నువ్వు కాదు."

"ఏంటి నేను కాదు?"

"నువ్వు సరిగ్గానే అతికించావు. మూతల మీద నా గాట్లున్నాయి. నీది ఒకటి, దానిది రెండు. ఆ రోజే చూశాను. సరిగ్గానే ఉన్నాయి."

అక్క తలెత్తింది.

"వరద తీసిన పది రోజులకి మాత్రలు మార్చింది నేను. ఇద్దరూ పనికి వెళ్ళినప్పుడు."

"ఎందుకు?"

పాసంగం చూద్దామని, అనే మాట నాలిక చివర దాకా వచ్చింది. ఆ మాట నాకు నెలకి పైగా పనికొచ్చింది. మింగేశాను.

"మందు మాత్ర దానిదనుకున్నాను. దానికి వద్దని."

అక్క నా ముఖంలోకి చూసింది. "దానికి వద్దని" అంది. "నాకు పర్వాలేదని."

"ఊఁ."

వీధిలో ఎవరో బురద చీపురుతో తోస్తున్న చప్పుడు. అక్క కాఫీ గ్లాసు తీసి, మీగడ వేలితో పక్కకి తీసి, ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"చల్లారిపోయింది" అంది. తరవాత, నావైపు చూడకుండా, "నాకు చెప్పావు. ఆ కాగితానికి ఎవరు చెప్తారు?" అంది.

చొక్కా వేసుకుని ఆఫీసుకి నడిచాను. తలుపు అప్పుడే తీస్తున్నారు. లెక్కలమ్మ నన్ను చూసి, "మీ ఆవిడ బాగానే ఉంది బాబాయ్ గారూ, ఇప్పుడే చూసి వచ్చాను" అంది. నిన్నటి కాగితం కావాలన్నాను. ఎందుకని అడిగింది గానీ, ఇచ్చింది.

ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. చాలాసేపు పట్టింది. ఆమె ఆగింది. నాలుగో వరుసలో ఉంది నాకు కావాల్సిన మాట. వరద రోజుల్లో పొరపాటున ఇద్దరి మాత్రలూ మారాయి, అని.

"పెన్ను" అన్నాను.

"ఏం రాయాలో చెప్పండి, నేను రాస్తాను."

తల అడ్డంగా ఊపాను. పెన్ను తీసుకుని, పొరపాటున అన్న మాట మీద గీత కొట్టాను. అక్క సంతకం మీద కూడా ఒక గీత కొట్టాను. కొట్టేసిన మాట పైన ఉన్న ఖాళీలో మూడో తరగతి అక్షరాలతో, కావాలని, అని రాశాను. కింద నా పేరు రాసి కాగితం ఆమెవైపు తిప్పాను.